అట్ట మీద లేని పేర్లు

పోయిన చలికాలం ఒక ఆదివారం సాయంత్రం హైదరాబాదులో ఒక మిత్రుడి ఇంటి మేడ మీద ఇరవై మందిమి కూర్చుని పాటలు విన్నాం. బ్రిటిష్ పోస్ట్-పంక్, ఎలక్ట్రానిక్ సంగీతంలో 'క్లాసిక్' అనదగిన పన్నెండు ఆల్బమ్‌లు. ఒక్కో ఆల్బమ్ నుంచి రెండు పాటలు, మధ్యలో మిత్రుడి వ్యాఖ్యానం. ఆయన బాగా చదువుకున్నవాడు, బాగా మాట్లాడతాడు. 1976-77లో లండన్‌లో పంక్ భగ్గుమని చల్లారాక, ఆ బూడిదలోంచి మాంచెస్టర్, షెఫీల్డ్, లీడ్స్ లాంటి పారిశ్రామిక పట్టణాల కుర్రాళ్ళు గిటారునీ సింథసైజర్‌నీ కలిపి కొత్త సంగీతం ఎలా కట్టారో చెప్పాడు. మూతబడుతున్న మిల్లులు, నిరుద్యోగం, థాచర్ ప్రభుత్వం... అన్నీ వచ్చాయి. 'కుర్రాళ్ళు' అన్న మాట మాత్రం రెండు గంటల్లో నేను లెక్కపెట్టినంతవరకు పదిహేడు సార్లు వచ్చింది.

చివర్లో ప్రశ్నలన్నారు. నేను ఒకటే అడిగాను, "ఈ పన్నెండింటిలో ఆడవాళ్ళెక్కడ?" అని. నవ్వాడు. "సంగీతానికి ఆడా మగా ఏంటండీ? చెవులు మూసుకుని రాజకీయాలు వినకండి, చెవులు తెరుచుకుని పాట వినండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ మర్యాదకి నవ్వాను. ఆ నవ్వు ఇంటికొచ్చాక గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఈ వ్యాసం ఆ ముల్లు తీసుకునే ప్రయత్నం.

ముందే ఒక మాట చెప్పాలి. నాకీ సంగీతం ఇష్టం. ఎం.ఏ. చదివేటప్పుడు హాస్టల్లో ఒక సీనియర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌తో మొదలైన ఇష్టం. పిహెచ్.డి. చివరి ఏడాది, రాత్రి రెండింటికి అధ్యాయాలు దిద్దుకుంటూ 'క్లోజర్' ఎన్ని వందల సార్లు విన్నానో! ఇష్టం కాబట్టే ఈ తగువు. ఇష్టంలేని వాటితో మనకి తగువేముంది, పక్కన పెట్టేస్తాం.

ఆ సాయంత్రం మిత్రుడు వేసుకున్న నల్ల టీషర్టు మీద తెల్లటి గీతల బొమ్మ ఒకటి ఉంది. పాటలు విననివాళ్ళు కూడా చూసే ఉంటారు ఆ బొమ్మని. వరసగా పేర్చిన కొండల్లాగానో, ఎవరిదో గుండె కొట్టుకున్న కాగితంలాగానో ఉంటుంది. జాయ్ డివిజన్ బృందం 1979లో తెచ్చిన 'అన్‌నోన్ ప్లెజర్స్' ముందు అట్ట అది. దాన్ని తీర్చిన పీటర్ సావిల్ ఆ తర్వాత రూపకల్పన రంగంలో పెద్ద పేరయ్యాడు. ఇప్పుడా బొమ్మ ఫుట్‌పాత్‌ల మీదా దొరుకుతుంది, మాల్స్‌లోనూ దొరుకుతుంది.

అది కొండలదీ కాదు, గుండెదీ కాదు. ఆకాశంలో ఒక పల్సర్ నుంచి వచ్చిన రేడియో స్పందనలు, వరసగా ఎనభై, ఒకదాని కింద ఒకటి గీసిన పటం. బృందంలో ఒకరు ఖగోళశాస్త్ర విజ్ఞాన సర్వస్వంలో దాన్ని చూసి ఇష్టపడ్డారు. ఆ పల్సర్‌ని, అసలు పల్సర్ అనేదాన్నే, మొట్టమొదట కనిపెట్టింది జోసెలిన్ బెల్. 1967లో ఆమె కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిని, వయసు ఇరవై నాలుగు. నాలుగెకరాలకు పైగా పరుచుకున్న రేడియో టెలిస్కోపుకి స్తంభాలు పాతిన, తీగలు లాగిన జట్టులో తనూ ఒకతె. ఆ యంత్రం రోజుకి దాదాపు వంద అడుగుల చార్టు కాగితం కక్కేది. దాన్ని అంగుళం అంగుళం కళ్ళతో చదవడం ఆమె పని. అందులో అర అంగుళం కూడా లేని ఒక గజిబిజి గీత ఆమెకి అర్థం కాలేదు. అదేదో మనుషులు చేసిన రణగొణ అని గైడు అనుకున్నా ఆమె వదల్లేదు, వెంటపడింది. ఆ నవంబరులో దాన్ని విడదీసి చూస్తే 1.33 సెకన్లకొకసారి తప్పకుండా కొట్టుకునే స్పందన!

1968లో 'నేచర్' పత్రికలో వచ్చిన పేపర్లో మొదటి పేరు గైడు ఆంటొనీ హ్యూవిష్‌ది, రెండోది ఆమెది. 1974లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇద్దరికి వచ్చింది. ఒకరు హ్యూవిష్, ఇంకొకరు మార్టిన్ రైల్. పల్సర్లను కనిపెట్టడంలో నిర్ణాయక పాత్ర వహించినందుకు అని హ్యూవిష్ పేరు పక్కన రాశారు. ఆమె పేరు లేదు.

నిజాయితీగా ఇంకో రెండు సంగతులు కూడా చెప్పాలి. పరిశోధక విద్యార్థులకి నోబెల్ ఇవ్వడం మామూలుగా సరికాదని ఆమే తర్వాత బహిరంగంగా అంది. ఆ మాటని ఇప్పటికీ మన నోరు మూయించడానికి వాడతారు. ఒక స్త్రీ తనకి జరిగినదాన్ని హుందాగా మింగితే, ఆ హుందాతనమే అన్యాయం జరగలేదనడానికి సాక్ష్యం అయిపోవాలా? రెండోది. అట్ట మీది పటం గీసింది ఆమె కాదు. అమెరికాలో హెరాల్డ్ క్రాఫ్ట్ అనే ఇంకో పరిశోధక విద్యార్థి 1970 నాటి తన సిద్ధాంత గ్రంథం కోసం గీశాడు. అతని పేరూ అట్ట మీద లేదు. కాబట్టి ఇది ఆడా మగా లెక్క మాత్రమే కాదు. ఎవరి పని సృజన, ఎవరి పని సేవ అన్న లెక్క. ఆ లెక్కలో అడుగున ఉండేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ, అంతే.

నాకీ కథ ఇంతగా ఎందుకు గుచ్చుకుంటుందో దాచుకోను. నా పరిశోధన స్త్రీల ఆత్మకథల మీద. రెండు వేసవులు బస్సుల్లో తిరిగి ముప్ఫై ఎనిమిది మంది పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడించి, ఆ మాటల్ని రికార్డు చేసి, రాత్రుళ్ళు విని అక్షరం అక్షరం కాగితం మీద పెట్టాను. ఏడాది తర్వాత ఒక పెద్ద సెమినార్లో మా గైడు సమర్పించిన పత్రంలో ఆ మాటలు విన్నాను. నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను. చివర్లో కృతజ్ఞతలు చెప్పారు, నాకే కాదు, టైపు చేసిన అబ్బాయికి కూడా, ఇద్దరికీ ఒకే వాక్యంలో. బయటికొచ్చాక "చాలా సాయం చేశావమ్మా" అన్నారు ఆప్యాయంగా. సాయం! ఆ మాట మీద నేను ఇంకో సిద్ధాంత గ్రంథం రాయగలను.

మళ్ళీ పాటల దగ్గరికి వద్దాం. 'అన్‌నోన్ ప్లెజర్స్' ముందు అట్ట మీద బృందం పేరు లేదు, ఆల్బమ్ పేరు కూడా లేదు. మిత్రుడు దీన్ని గొప్ప సాహసంగా వర్ణించాడు. అహాన్ని త్యజించడం అన్నాడు. ఇదే బ్రిటన్‌లో అంతకు పదహారేళ్ళ ముందు పేరు లేకుండా పోయిన ఇంకో పని గురించి ఆయనకి తెలీదనుకోను. తెలిసినా దాన్ని దీని పక్కన పెట్టి చూడాలని ఆయనకి తోచలేదు.

డెలియా డెర్బీషైర్ కేంబ్రిడ్జిలో గణితం, సంగీతం చదివింది. 1959లో డెక్కా రికార్డు కంపెనీని ఉద్యోగం అడిగితే, మా రికార్డింగ్ స్టూడియోల్లో ఆడవాళ్ళని పెట్టుకోమని చెప్పారు. ఆమె బీబీసీలో చేరి, 1962లో అక్కడి రేడియోఫోనిక్ వర్క్‌షాపుకి వెళ్ళింది. నాటకాలకీ పిల్లల కార్యక్రమాలకీ చిత్రమైన చప్పుళ్ళు తయారుచేసే విభాగం అది. 1963లో 'డాక్టర్ హూ' ధారావాహిక శీర్షిక సంగీతం ఆమె చేతికొచ్చింది. వరస కట్టింది రాన్ గ్రేనర్. కాగితం మీద ఉన్నది చాలా కొంచెం. అప్పటికి కీబోర్డు నొక్కితే పలికే సింథసైజర్లు లేవు. ఆమె ఒక తీగను మీటిన చప్పుడు, ఆసిలేటర్ల కూతలు టేపు మీద పట్టి, వేగం మార్చి ఒక్కో స్వరం చేసి, బ్లేడుతో కోసి, ఒక్కో ముక్కా అతికించి పాట నిలబెట్టింది. కుట్టుపని ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఎన్ని వందల అతుకులో. విని గ్రేనర్ నివ్వెరపోయాడు. ఆమెకి కూడా స్వరకర్తగా పేరుండాలని, రాబడిలో వాటా ఉండాలని అతనే అడిగాడు. వర్క్‌షాపు ఉద్యోగుల పేర్లు విడివిడిగా వెయ్యకూడదన్నది బీబీసీ నియమం. వెయ్యలేదు. తెర మీద ఆమె పేరు 2013లో, యాభయ్యో వార్షికోత్సవపు ఎపిసోడ్‌లో పడింది. ఆమె 2001లోనే చనిపోయింది. ఆమె అటక మీద దొరికిన 267 టేపులు ఇప్పుడు మాంచెస్టర్ విశ్వవిద్యాలయం దగ్గర భద్రంగా ఉన్నాయి. అదే, మన మిత్రుడు రెండు గంటలు పొగిడిన మాంచెస్టర్.

మగపిల్లల బృందం అట్ట మీద పేరు వేసుకోకపోతే అది శైలి. ఆమె పేరు వెయ్యకపోతే అది ఉద్యోగ నిబంధన. ఈ రెంటినీ ఒకే మాటతో 'అజ్ఞాతం' అనడం నాకు చేతకాదు.

ఆ వర్క్‌షాపుని 1958లో పట్టుబట్టి సాధించిన ఇద్దరిలో డాఫ్నీ ఓరమ్ ఒకరు. ఏడాది తిరక్కుండానే బయటికొచ్చి, ఫిల్ము మీద బొమ్మలు గీస్తే అవి ధ్వనిగా మారే యంత్రాన్ని సొంతంగా కట్టింది. 1949లో ఆమె రాసుకున్న 'స్టిల్ పాయింట్' లండన్ ప్రామ్స్ వేదిక మీద మోగడానికి 2018 దాకా పట్టింది. ఎలక్ట్రానిక్ సంగీతం అనగానే డెబ్బైల చివర సింథసైజర్లు కొనుక్కున్న కుర్రాళ్ళతో కథ మొదలుపెట్టేవాళ్ళు, ఆ కుర్రాళ్ళు చిన్నప్పుడు ప్రతి శనివారం సాయంత్రం టీవీలో ఏం వింటూ పెరిగారో ఎందుకు అడగరు? అడిగితే తండ్రుల వంశవృక్షంలో తల్లులు కనిపిస్తారని కాబోలు.

ఇక ఆ పన్నెండింటిలో ఉన్న ఆడమనిషి సంగతి. ఉంది, మిత్రుడికి కనబడలేదంతే. ఇయన్ కర్టిస్ 1980 మే 18న చనిపోయాక మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్ అయ్యారు. ఆ ఏడాదే గిలియన్ గిల్బర్ట్ వాళ్ళతో కలిసింది. ఏ చరిత్ర తీసినా ఆమె 'డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ ప్రియురాలు' గానే ప్రవేశిస్తుంది. హ్యూమన్ లీగ్ 'డేర్' ఆల్బమ్‌లో పాడిన ఇద్దరమ్మాయిలు క్లబ్బులో 'దొరికారు'. మగవాళ్ళు బృందాలు కడతారు, ఆడవాళ్ళు దొరుకుతారు. చూశారా, మన పెళ్ళిచూపుల భాష ఎంత దూరం ప్రయాణించిందో!

1983లో న్యూ ఆర్డర్ 'బ్లూ మండే' తెచ్చింది. బ్రిటన్‌లో పన్నెండు అంగుళాల సింగిల్స్‌లో అంతగా అమ్ముడుపోయింది ఇంకోటి లేదు. ఆ పాటలో సీక్వెన్సర్‌కి స్వరాలు ఒక్కొక్కటిగా ఎక్కించే పని గిల్బర్ట్‌ది. స్వరాలన్నీ కాగితాల మీద రాసుకుని, కాగితాలు ఒకదానికొకటి అతికించి, స్టూడియో పొడవునా పరిచానని, అది స్వెట్టర్ అల్లిక నమూనాలా ఉండిందని ఆమే చెప్పింది. ఎక్కించడంలో ఒక స్వరం పొరపాటున తప్పిపోయింది. దాంతో వరస తాళానికి కొద్దిగా పక్కకి జరిగింది. ఆ జరుగుబాటే ఆ పాటకి ప్రాణం అంటారు.

ఇక్కడ ఆగి ఒక పోలిక చూడండి. 'అన్‌నోన్ ప్లెజర్స్' నిర్మాత మార్టిన్ హానెట్ డ్రమ్ములను ఒకేసారి కాకుండా ఒక్కొక్కటిగా విడదీసి వాయించమన్నాడు. వాయించేవాడు విసిగిపోయాడు. చరిత్ర దాన్ని 'మేధావి పిచ్చి' అంది. రెయిన్‌కోట్స్ అనే నలుగురు స్త్రీల బృందం 1979లో తెచ్చిన తొలి ఆల్బమ్‌లో తాళం సాగుతుంది, ముడుచుకుంటుంది, వయొలిన్ గిటారుని గీరుతుంది. దాన్ని ఎన్నేళ్ళు 'వాయించడం రానివాళ్ళు' అన్నారో! 1993లో ఆ ఆల్బమ్ మళ్ళీ వచ్చింది. ఎందుకంటే అమెరికాలో నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్‌కి అది నచ్చింది. ఆయన మంచి మనసుతోనే రాశాడు, ఆ ఆల్బమ్ కోసం ఎలా వెతికాడో. కానీ ఆడవాళ్ళ పని పనికొస్తుందని ఒక ప్రసిద్ధ పురుషుడు ముద్ర వేసేదాకా పద్నాలుగేళ్ళు ఆగాల్సి రావడం మనకి కొత్తా? మన పుస్తకాలకి ముందుమాటలు ఎవరు రాస్తున్నారో ఒకసారి అలమరలో చూసుకోండి.

గిల్బర్ట్ కథలో ఇంకో పుట ఉంది, మిత్రుడి వ్యాఖ్యానంలో అది అరవాక్యం కూడా కాదు. 2001లో పిల్లల్ని చూసుకోవడానికి ఆమె బృందం వదిలి ఇంటికి వెళ్ళింది. పదేళ్ళకి, 2011లో తిరిగి వచ్చింది. పిల్లల తండ్రి స్టీఫెన్ మోరిస్ అదే బృందంలో డ్రమ్మర్. ఆయన వాయిస్తూనే ఉన్నాడు. వాళ్ళిద్దరూ అలా నిర్ణయించుకుని ఉండొచ్చు, వాళ్ళ కాపురంలో తలదూర్చడం నా పని కాదు. ఆ నిర్ణయం ప్రతి ఇంట్లోనూ ఒకే వైపుకి ఎందుకు ఒరుగుతుంది అన్నది మాత్రం మన పనే.

డెబొరా కర్టిస్ సంగతీ అంతే. ఇయన్‌ని 1975లో పెళ్ళి చేసుకుంది, పద్దెనిమిదేళ్ళకి. 1979 ఏప్రిల్‌లో కూతురు పుట్టింది, జూన్‌లో 'అన్‌నోన్ ప్లెజర్స్' వచ్చింది. భర్తకి మూర్ఛలు, చేతిలో పసిపిల్ల. భార్యల్ని, స్నేహితురాళ్ళని కచేరీలకి దూరంగా ఉంచిన సంగతి ఆమె 1995లో వచ్చిన 'టచింగ్ ఫ్రమ్ ఎ డిస్టెన్స్'లో రాసింది. ఆ పుస్తకాన్ని అందరూ చదివారు, ఆయన కోసం. ఆయన ఏం చదివేవాడు, ఏం దాచాడు, ఎందుకు చనిపోయాడు అని గాలించారు. నేను స్త్రీల ఆత్మకథలు చదివే అలవాటుతో చదివితే, అందులో ఇరవై మూడేళ్ళకే విధవ అయిన మాకిల్స్‌ఫీల్డ్ అమ్మాయి తన జీవితాన్ని తాను తిరిగి పోగేసుకోవడం కనిపించింది. ఆ పుస్తకం చివర కూడా ఆయన పాటలన్నీ అచ్చువేశారు. ఆమె కథకి ఆయనే అనుబంధం కావాల్సింది, ఆయన కథకి ఆమె అనుబంధంగా మిగిలింది.

'ట్వంటీ జాజ్ ఫంక్ గ్రేట్స్' కూడా ఆ సాయంత్రం జాబితాలో ఉంది. థ్రాబింగ్ గ్రిజిల్ బృందం, 1979. అట్ట మీద నలుగురూ సముద్రపు కొండచరియ మీద నవ్వుతూ నిలబడి ఉంటారు. ఆ చోటు ఆత్మహత్యలకి పేరుపడ్డ బీచీ హెడ్ అని, అది గొప్ప వ్యంగ్యమని మిత్రుడు వివరించాడు. నలుగురిలో ఒకరైన కోజీ ఫానీ టుట్టీ 2017లో 'ఆర్ట్ సెక్స్ మ్యూజిక్' అనే ఆత్మకథ రాసింది. అదే బృందంలోని జెనెసిస్ పి-ఆరిడ్జ్‌తో కలిసి బతికిన ఏళ్ళలో తను పడిన హింస, ఇంటి చాకిరీ అన్నీ అందులో రాసింది. పి-ఆరిడ్జ్ ఆ ఆరోపణలని ఖండించారు. ఎవరిది నిజమో మేడ మీద ఇరవై మందిమి తేల్చలేం. కానీ పుస్తకం ఒకటుందని చెప్పొచ్చుగా? అట్ట మీది వ్యంగ్యం గురించి అయిదు నిమిషాలు మాట్లాడిన మనిషి, అట్ట మీది స్త్రీ రాసిన పుస్తకం గురించి అయిదు సెకన్లు మాట్లాడలేదు. ఆమె తర్వాత 2022లో ఇంకో పుస్తకం రాసింది, తన జీవితాన్ని డెలియా డెర్బీషైర్ జీవితంతోనూ, పదిహేనో శతాబ్దపు మార్జరీ కెంప్ జీవితంతోనూ కలిపి అల్లి. ముద్దుపళని కోసం బెంగళూరు నాగరత్నమ్మ పడిన పాట్లు తెలిసిన మనకి, ఆమె ఎందుకలా వెనక్కి వెళ్ళి అక్కల్ని వెతుక్కుందో చెప్పక్కర్లేదు.

"సరే, మీ ఆడవాళ్ళ పేర్లు ఓ నాలుగు కలిపేస్తే సరిపోతుందిగా?" అని అడిగేవాళ్ళుంటారు. ఇప్పుడు చాలా జాబితాలు అదే చేస్తున్నాయి. 2016లో లండన్ బ్రిటిష్ లైబ్రరీలో పంక్ ప్రదర్శన పెట్టారు. అక్కడ మాట్లాడడానికి వెళ్ళిన స్లిట్స్ గిటారిస్టు వివ్ ఆల్బర్టీన్, గోడ మీది పరిచయంలో అన్నీ మగ బృందాల పేర్లే ఉండడం చూసి, పెన్ను తీసి వాటిని కొట్టేసి స్లిట్స్, ఎక్స్-రే స్పెక్స్, సూజీ అండ్ ద బాన్షీస్ అని రాసి సంతకం పెట్టింది. ఆ పెన్ను నాకెంతో నచ్చింది. కానీ ఆడవాళ్ళ జాబితా రాయడంతో నా తగువు తీరదు.

ఎందుకంటే నా నియమం నాకూ వర్తించాలి. స్లిట్స్ 1979లో తెచ్చిన 'కట్'ని నేను స్త్రీల ఆల్బమ్ అని గర్వంగా చెప్పుకుంటాను. అందులో డ్రమ్ములు వాయించింది బడ్జీ అనే అబ్బాయి. దాన్ని నిర్మించింది బార్బడోస్‌లో పుట్టి లండన్ చేరిన డెనిస్ బోవెల్, స్పూను చప్పుడునీ అగ్గిపెట్టె చప్పుడునీ కూడా పాటలో తాళం చేసిన మనిషి. హానెట్ పేరు తెలిసినవాళ్ళలో ఎంతమందికి ఈ నల్లజాతి నిర్మాత పేరు తెలుసు? ఎక్స్-రే స్పెక్స్ గాయని పోలీ స్టైరీన్ తండ్రి సోమాలీ, తల్లి బ్రిటిష్, పళ్ళకి క్లిప్పులతో పాడిన అమ్మాయి. ఆమె బృందంలో సాక్సఫోన్ ఊదిన లోరా లాజిక్ బడిపిల్ల. 1978లో ఆల్బమ్ వచ్చేసరికి లోరా బృందంలో లేదు, ఆమె కట్టిన వరసలు ఉన్నాయి. స్త్రీ నడిపిన బృందంలోనూ జరిగింది ఇది. మా గైడు కూడా ఆడమనిషే, ఇంతవరకు ఆ మాట చెప్పలేదు కదూ.

కాబట్టి తప్పు జాబితా పొడవులో లేదు. ఒక ఆల్బమ్‌కి ఒక మేధావి ఉండాలి, మిగతావాళ్ళు అతనికి చుట్టూ ఉండాలి అన్న ఊహలో ఉంది. ఆ ఊహ ఉన్నంతకాలం కాగితాలు అతికించినవాళ్ళు, టేపు కోసినవాళ్ళు, వంద అడుగుల చార్టు చదివినవాళ్ళు, పసిపిల్లతో ఇంట్లో ఉన్నవాళ్ళు అందరూ 'సాయం' చేసినవాళ్ళే. వాళ్ళలోంచి ఒకరిద్దరిని పైకి లాగి మేధావుల పక్కన కూర్చోబెట్టినంత మాత్రాన మిగతావాళ్ళు అట్ట కిందే ఉంటారు. ఇంక 'చెవులు తెరుచుకుని పాట వినండి' అన్న మాట. తెరుచుకునే విన్నాను. 'బ్లూ మండే'లో తప్పిపోయిన ఆ ఒక్క స్వరం వినిపించాలంటే, దాన్ని ఎవరు ఎక్కించారో తెలిసిన చెవులు కావాలి.

పోయిన వారం మిత్రుడు ఫోన్ చేశాడు. నా మాట ఆలోచించాడట. మార్చి ఎనిమిదికి 'రాక్ సంగీతంలో మహిళలు' అని ఒక ప్రత్యేక సాయంత్రం పెడుతున్నారట, నలభై నిమిషాలు నన్ను మాట్లాడమన్నాడు. మార్చి వస్తే మనకి ఎన్ని పిలుపులో! రానన్నాను. నొచ్చుకున్నాడు. "మరేం కావాలండీ మీకు?" అన్నాడు. మామూలు ఆదివారం ఒకటి ఇవ్వండి, రెండు గంటలు, నేను 'అన్‌నోన్ ప్లెజర్స్' గురించే మాట్లాడతాను అన్నాను. కమిటీలో అడిగి చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు.